లాభం దేనికి కూలి?

"మీ షావుకారు ఒక్క మొక్క నాటడు, ఒక్క కాయ కోయడు. మరి ఆయనకు డబ్బులెట్టా వస్తయి సార్?"

పల్నాడు నుంచి గుంటూరు యార్డుకు మిర్చి తెచ్చే రైతులు నన్ను తరచూ అడిగే మాట ఇది. నేను షావుకారును కాను. కమీషన్ కొట్లలో చిట్టా, ఆవర్జా రాస్తూ మొదలుపెట్టి, ఇప్పుడు అవే కొట్లకు జీఎస్టీ రిటర్నులు, ఆదాయపన్ను లెక్కలు చూస్తున్నాను. రైతు గొంతులో వెటకారం ఉంటే ఉండనీ, ప్రశ్న మాత్రం అసలైనది. దేశ ఆర్థిక వ్యవస్థలో వ్యాపార రంగం చేసే పనేమిటని పెద్ద పెద్ద సభల్లో అడిగేదీ ఇదే.

పాఠ్యపుస్తకంలో జవాబు ఉంది. భూమి, శ్రమ, పెట్టుబడి తీసుకుని వస్తువులు, సేవలు తయారుచేసేది వ్యాపార రంగం. వాటిని కుటుంబాలు కొంటాయి, ప్రభుత్వం పన్ను తీసుకుంటుంది. చెప్పింది సరిగానే ఉంది కానీ, ఆ జవాబులో కమీషన్ కొట్టు ఎక్కడుందో మిర్చి రైతుకు కనబడదు. అందుకే నేను పుస్తకం జోలికి పోకుండా పట్టీ చేతిలో పెడతాను.

పట్టీలో ఏముంటుంది?

సరుకు అమ్ముడుపోయాక కొట్టువాళ్లు రైతుకు రాసిచ్చే లెక్క కాగితమే పట్టీ. లెక్క తేలిగ్గా అర్థం కావడానికి ఒకటి రాసి చూపిస్తాను. ఒక కౌలు రైతు 20 టిక్కీలు, అంటే మిర్చి గోతాలు, తెచ్చాడు. కాటా వేస్తే తొమ్మిది క్వింటాళ్లు తూగింది. ధర క్వింటాలుకు 13,000 పలికింది. మొత్తం 1,17,000 రూపాయలు. కమీషన్ నూటికి రెండు చొప్పున అనుకుంటే 2,340. హమాలీ, కాటా ఖర్చులు ఒక 800. అవి పోను 1,13,860 మిగిలింది.

పట్టీ అక్కడితో ఆగదు. నారు పోసే రోజుల్లో ఈ రైతు కొట్టులో 60,000 అప్పు తీసుకున్నాడు. నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీ, ఆరు నెలలు. వడ్డీ 7,200 అయింది. అసలుతో కలిపి 67,200 కోసేశాక రైతు చేతికొచ్చింది 46,660.

ఇప్పుడు ఆ అంకెలను మరోసారి చూడండి. సరుకు అమ్మిపెట్టినందుకు కొట్టుకు వచ్చింది 2,340. అప్పిచ్చినందుకు వచ్చింది దానికి మూడింతలు. బయట కమీషన్ కొట్టు అని బోర్డు ఉన్నా, లోపల జరిగేది సగానికి పైగా బ్యాంకు పని. కౌలు రైతుకు బ్యాంకులో అప్పు పుట్టడం కష్టం, ఎందుకంటే పాసు పుస్తకం భూమి యజమాని పేరున ఉంటుంది. మిర్చికి ఎకరానికి పెట్టుబడి లక్షన్నర పైమాటే. విత్తనం, నారు, మందులు, కోత కూలి, అన్నీ పంట చేతికి రాకముందే పెట్టాలి. ఆ డబ్బు హామీ అడగకుండా ముఖం చూసి ఇచ్చేది కొట్టు. పంట పోతే ఆ 60,000 వచ్చే ఏటికి వాయిదా పడుతుంది, ఒక్కోసారి మొత్తానికే మునుగుతుంది.

రైతు ప్రశ్నకు ఇది మొదటి జవాబు. పంట చేతికి రాకముందే పంట మీద డబ్బు పెట్టడం కూడా ఒక పనే. ఆ పనికి కూలి ఎంత ఉండాలన్నది వేరే లెక్క. కిసాన్ క్రెడిట్ కార్డు మీద పంట రుణానికి వడ్డీ ఏడాదికి 7 శాతం. సకాలంలో కడితే 4 శాతానికి దిగుతుంది. అదే 60,000 మీద ఆరు నెలలకు 7 శాతం చొప్పున 2,100 అవుతుంది. కొట్టులో కట్టిన 7,200కూ దీనికీ మధ్య తేడా 5,100. చేతిలో ఒక కాగితం లేనందుకు కౌలు రైతు కట్టే జరిమానా అది. అందులో కొంత కొట్టు మోసే నష్టభయానికి వెల. మిగతాది రైతుకు మరో దారి లేకపోవడానికి వెల. వ్యాపారాన్ని మెచ్చుకోవాల్సింది మొదటి ముక్కకు, నిలదీయాల్సింది రెండో ముక్కకు.

గోతంలో మోచేతి దాకా

రెండో జవాబు కోసం ఖరీదుదారు వెంట నడవాలి. జనవరి దాటాక పొద్దున్నే యార్డులో నిలబడితే ముక్కు, గొంతు మండిపోతాయి. తుమ్మకుండా మాట్లాడగలిగినవాడు పాతకాపు. వరసగా టిక్కీలు పేర్చి ఉంటాయి. ఖరీదుదారు ఒక గోతం మూతి విప్పి మోచేతి దాకా చెయ్యి దూర్చి అడుగు కాయ పైకి లాగుతాడు. పైన నిగనిగలాడే కాయ, అడుగున తాలు పేర్చడం పాత విద్యే కదా! కాయను చెవి దగ్గర పెట్టి ఆడిస్తాడు. గింజ గలగలమంటే బాగా ఆరినట్టు. గుప్పెట్లో పట్టి నొక్కుతాడు. మెత్తగా ముద్దకట్టిందంటే ఇంకా తేమ ఉంది, రేపు గోదాములో బూజు పడుతుంది. పటపటమని పొడైపోతే ఎండ ఎక్కువైంది, తూకం తగ్గుతుంది. తొడిమ రంగు చూసి, కాయ విరిచి, ఒక అంకె చెబుతాడు. అంతా అర నిమిషంలో అయిపోతుంది. ఆ అంకె తప్పితే లారీ లోడు మీద నష్టం లక్షల్లో ఉంటుంది.

ఆ అర నిమిషం వెనక చాలా దూరం ఉంది. తేజ రకంలో ఘాటు ఎక్కువ. బ్యాడిగి రంగుకు పెట్టింది పేరు, ఘాటు తక్కువ. కేరళలోని కోలెంచేరి లాంటి చోట్ల మిర్చి నుంచి ఓలియోరెసిన్ అనే గాఢమైన సారం తీసే ఫ్యాక్టరీలు ఉన్నాయి. చైనా వాళ్లు తేజను పెద్ద ఎత్తున కొంటారు. బంగ్లాదేశ్, శ్రీలంక, థాయిలాండ్, మలేషియాలకూ మన కాయ వెళ్తుంది. మన దేశం ఎగుమతి చేసే సుగంధ ద్రవ్యాల్లో మొదటి స్థానం మిర్చిదే. 2023-24లో ఎగుమతుల విలువ 12,000 కోట్ల రూపాయలు దాటింది. ఎవరికి ఘాటు కావాలో, ఎవరికి రంగు కావాలో, ఎవరు తొడిమ తీసిన కాయ అడుగుతారో, ఎవరికి తాలు అయినా పర్వాలేదో ఖరీదుదారుకు తెలుసు. మాచర్ల దగ్గరి పొలంలో కోసిన కాయకు ఎక్కడో పరాయి దేశంలో ఉన్న వంటింటిని వెతికిపెట్టడమే అతని పని.

దూరం తర్వాత కాలం. కాయ యార్డుకు ముమ్మరంగా వచ్చేది జనవరి నుంచి ఏప్రిల్ దాకా. మే నెల ఎండలకు యార్డుకే సెలవులిస్తారు. జనం కారం తినేది మాత్రం పన్నెండు నెలలూ. ఈ రెండింటి మధ్య ఉన్న సందును గుంటూరు చుట్టూ ఉన్న శీతల గిడ్డంగులు పూడుస్తాయి. యార్డు భాషలో వాటిల్లోంచి వచ్చేది 'ఏసీ సరుకు'. మార్చిలో కొని గిడ్డంగిలో పెట్టినవాడు దీపావళికి ధర ఎంతుంటుందో చూసి పెట్టలేదు. అద్దె కడుతున్నాడు, బ్యాంకు వడ్డీ కడుతున్నాడు. ధర పెరిగితే అతనిదే లాభం, పడితే అతనిదే నష్టం. వేసవిలో సరుకు ముంచెత్తినప్పుడు ధర పూర్తిగా కూలిపోకుండా, కార్తీకంలో కాయ దొరకని రోజుల్లో ధర చుక్కలనంటకుండా ఉందంటే కొంతవరకు ఇలా పెట్టుబడి పెట్టి నిలవ చేసేవాళ్ల వల్లే. రైతు కూడా ఈ పని చేయొచ్చు. కేంద్ర గిడ్డంగుల నియంత్రణ సంస్థలో నమోదైన గిడ్డంగిలో సరుకు పెట్టి, ఎలక్ట్రానిక్ రసీదు మీద బ్యాంకులో అప్పు తీసుకోవచ్చు. 2007 నాటి చట్టం ఆ వీలు కల్పించింది.

జీడీపీ ఎక్కడ పుడుతుంది?

జీడీపీ అంటే టీవీలో వచ్చే అంకె అనుకుంటారు చాలామంది. నాకు అది ప్రతి నెలా రిటర్నుల్లో కనిపిస్తుంది. ఒక కారం మిల్లు లక్ష రూపాయల ఎండుమిర్చి కొన్నదనుకోండి. జీఎస్టీ 5 శాతం, అంటే 5,000 కట్టింది. ఆ కాయ ఆడించి, పొట్లాలు కట్టి 1,40,000కు అమ్మింది. కొన్నవాడి దగ్గర 7,000 పన్ను వసూలు చేసింది. ముందు కట్టిన 5,000 మినహాయించుకుని మిల్లు ప్రభుత్వానికి జమ చేసేది 2,000. లక్షకు, లక్షా నలభై వేలకు మధ్య పెరిగిన 40,000 మీద 5 శాతమే ఆ 2,000.

ఆ నలభై వేలలోంచి గోతాలు, పొట్లాల కవర్లు, కరెంటు లాంటి కొనుగోళ్లు తీసేస్తే మిగిలేది మిల్లు సృష్టించిన అదనపు విలువ. కూలీల జీతం, బ్యాంకు వడ్డీ, యంత్రాల అరుగుదల, యజమాని లాభం అన్నీ అందులోంచే రావాలి. దేశంలోని ప్రతి పొలం, ప్రతి మిల్లు, ప్రతి కొట్టు, ప్రతి ఆఫీసు ఇలా కలిపిన విలువనంతా కూడి, వస్తువుల మీద పన్నులు కలిపి, సబ్సిడీలు తీసేస్తే వచ్చేదే జీడీపీ. కాయ ధర, కారం ధర రెండూ కలిపేస్తే ఒకే సరుకును రెండుసార్లు లెక్కవేసినట్టవుతుంది. అందుకే ఎవరెవరు ఎంత కలిపారన్నదే లెక్క.

ఆ విలువ ఎవరెవరి ఇళ్లకు చేరుతుందో చూడాలంటే ఒక టిక్కీ వెంట పోవాలి. లారీ మీంచి దించే ముఠా కూలీలు, కాటా వేసే వేమెన్లు, గోతాలు కుట్టేవాళ్లు, పట్టీ రాసే గుమస్తాలు, గిడ్డంగిలో బస్తాలు మార్చేవాళ్లు, లారీ డ్రైవర్లు. వీళ్లందరికంటే తక్కువ కనిపించేది తొడిమలు తీసే ఆడవాళ్లు. మూతికి గుడ్డ కట్టుకుని, మండే చేతులతో రోజంతా కాయ కాయకూ తొడిమ తుంచుతారు. ఎగుమతి సరుకు ధర పెరగడంలో వాళ్ల వేళ్ల పనికి పెద్ద వాటా ఉంది. వాళ్ల కూలిలో ఆ వాటా కనిపించదు.

దేశంలో పనిచేసేవాళ్లలో 2023-24లో కూడా దాదాపు 46 శాతం మంది వ్యవసాయం మీదే ఉన్నారు. దేశ ఆదాయంలో వ్యవసాయం వాటా మాత్రం అయిదో వంతుకు అటూఇటూ. అంటే పొలంలో చేతులు ఎక్కువ, విలువ తక్కువ. ఆ చేతులకు పని చూపించడం ప్రభుత్వ కొలువుల వల్ల అయ్యేది కాదు. మిల్లులు, గిడ్డంగులు, ఫ్యాక్టరీలు, దుకాణాలు పెరగాలి. యడ్లపాడు మండలం వంకాయలపాడులో స్పైసెస్ బోర్డు పార్కు పెట్టిందీ, 2022లో ఐటీసీ అక్కడ ప్రాసెసింగ్ ప్లాంటు తెరిచిందీ ఈ దారిలోనే. కాయను కాయగా పంపితే విలువ వేరే ఊళ్లో పుడుతుంది. మన దగ్గరే శుద్ధి చేసి పంపితే ఆ విలువలో కూలి మన ఊళ్లో పడుతుంది.

ధర మోసుకొచ్చే కబురు

వ్యాపారం చేసే మరో పని కంటికి కనిపించదు. అది కబురు మోయడం. యార్డులో పలికే ధర ఏ కాయ వెయ్యాలో, ఎంత వెయ్యాలో ఊరూరికీ చెబుతుంది. కాకపోతే ఆ కబురు ఒక ఏడాది ఆలస్యంగా అందుతుంది.

2016లో క్వింటాలు ధర 10,000 దాటింది. ఆ ఊపులో అందరూ మిర్చే వేశారు. 2017 వేసవిలో ధర నేలకు దిగింది. కేంద్రం జోక్యం చేసుకుని క్వింటాలుకు 5,000 చొప్పున కొంటామని ప్రకటించాల్సి వచ్చింది. ఆ ఏప్రిల్‌లోనే ఖమ్మం యార్డులో రైతుల కడుపుమంట విధ్వంసంగా బద్దలైంది. తర్వాత 2021-22లో నల్ల తామర పురుగు పూతను, పంటను తినేసింది. కాయ కరువై 2023 నాటికి మంచి రకాలు 20,000 దాటి పలికాయి. మళ్లీ విస్తీర్ణం పెరిగింది, మళ్లీ పడింది. 2025 ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ జోక్యం కింద క్వింటాలుకు 11,781 రూపాయల ధర ప్రకటించింది.

నిరుటి ధర చూసి ఈ ఏడు నాట్లు వేయడం ఈ ఊగిసలాటకు మూలం. ధర కబురు మోస్తుంది, నిజమే. అయితే ఆ కబురుకు రైతు చెల్లించే వెల చాలా ఎక్కువ. గిడ్డంగుల్లో నిరుటి నిల్వ ఎంతుంది, ఈ ఏడు ఎన్ని ఎకరాల్లో వేశారు, విదేశీ ఆర్డర్లు ఎలా ఉన్నాయి అన్న సమాచారం పెద్ద ఖరీదుదారులకు ముందే తెలుస్తుంది. నాటే ముందు రైతుకు తెలియదు. ఈ ఒక్క తేడాను ప్రభుత్వం పూడ్చగలిగితే సగం సబ్సిడీలు అక్కర్లేకుండా పోతాయని నా నమ్మకం.

ఐపీ పెట్టినప్పుడు

వ్యాపారం గొప్పలే చెబితే నా వృత్తికి ద్రోహం చేసినట్టే. గుంటూరు జిల్లాలో 'ఐపీ పెట్టాడు' అంటే ఎవరికైనా గుండె గుభేలుమంటుంది. అప్పులు తీర్చలేనని వ్యాపారి కోర్టులో దివాలా పిటిషన్ వేయడం అది. వ్యక్తుల దివాలాకు మన దగ్గర ఇప్పటికీ ఆధారం 1920 నాటి చట్టమే. కంపెనీలకు 2016లో కొత్త దివాలా స్మృతి వచ్చింది, కొట్లకు పాతదే.

నా ఎరికలో ఒక కొట్టు అలా మూతపడింది. యజమాని దగాకోరు కాదు. ధర పెరుగుతుందని అప్పు తెచ్చి సరుకు నిలవ చేశాడు, పెరగలేదు. నష్టభయం మోసిన మాట నిజమే. కానీ ఆయన పెట్టిన డబ్బులో సగం రైతులది. పట్టీలు రాసి, 'డబ్బులు వచ్చే వారం ఇస్తాం బాబాయ్' అని ఆపిన సొమ్ము అది. లాభం వస్తే కొట్టుకు, నష్టం వస్తే రైతుకు అన్నట్టు అయింది. రైతులు పట్టీలు పట్టుకుని వకీలు గుమ్మం ముందు నిలబడ్డారు.

నేను వ్యాపారాన్ని తూచే కాటా ఇక్కడే ఉంది. ఎవరి సొమ్ముతో ఎవరు జూదం ఆడుతున్నారు? తన డబ్బు పెట్టి, తన నష్టం తానే భరించేవాడు ఎంత లాభం చేసినా నాకు అభ్యంతరం లేదు. ఎదుటివాడి సొమ్మును చెప్పకుండా ఆపి, దాన్ని తిప్పుకునేవాడు వ్యాపారం పేరుతో అప్పు ఎగ్గొట్టేవాడే.

ఇది చిన్న కొట్లకే పరిమితం కాదు. నా దగ్గరకొచ్చే చిన్న కారం మిల్లువాళ్లు ఎక్కువగా ఏడ్చేది పోటీ గురించి కాదు, బకాయిల గురించి. పెద్ద దుకాణాల సంస్థలకు సరుకు వేస్తారు, డబ్బు నాలుగైదు నెలలు రాదు. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో చెల్లించాలి. గడువు దాటి ఆపిన బకాయిని ఆ ఏడాది ఖర్చుగా చూపించుకోవడానికి వీల్లేదని ఆదాయపన్ను చట్టంలో కూడా 2023-24 ఆర్థిక సంవత్సరం నుంచి మెలిక పెట్టారు. ఉత్పత్తి చేసే, సేవలందించే సూక్ష్మ, చిన్న సంస్థలకు ఇది వర్తిస్తుంది. అందుకు ప్రభుత్వం దగ్గర చిన్న సంస్థగా ఉద్యమ్ నమోదు ఉండాలి. అది ఉచితం. చాలామందికి ఈ సంగతే తెలియదు.

ఒక్కడి రంగు, అందరికీ మచ్చ

2003లో ఫ్రాన్స్‌లో మన దేశం నుంచి వెళ్లిన కారంలో సుడాన్-1 అనే పారిశ్రామిక రంగు బయటపడింది. నాసిరకం కాయకు ఎరుపు తేవడానికి ఎవరో కలిపారు. 2005లో బ్రిటన్‌లో ఒక వోర్సెస్టర్ సాస్‌లో అదే రంగు తేలింది. ఆ సాస్ వాడిన వందలాది రకాల తిండి వస్తువులను దుకాణాల అరల్లోంచి దించేశారు. రంగు కలిపింది ఎవరో కొద్దిమంది, సంజాయిషీ చెప్పుకున్నది దేశం మొత్తం. సుడాన్ గొడవ వల్లే స్పైసెస్ బోర్డు మిర్చి ఎగుమతులకు ముందస్తు పరీక్ష తప్పనిసరి చేసింది. తేమ కాయలో బూజు వల్ల పుట్టే అఫ్లటాక్సిన్‌ను కూడా చూస్తారు. ఐరోపా పరిమితి కిలోకు 10 మైక్రోగ్రాములు. కళ్లంలో పట్ట పరిచి కాయ ఆరబోసే రైతు శ్రద్ధ నుంచి ఎగుమతిదారు పరీక్షాపత్రం దాకా ఆ 10 మైక్రోగ్రాముల మీదే నడుస్తుంది.

నియమాలు వ్యాపారానికి అడ్డమని వాదించేవాళ్లకు నేను ఈ కథే చెబుతాను. పరీక్ష ఉండబట్టే నిజాయితీగా అమ్మేవాడు ఇవాళ్టికీ అమ్ముకోగలుగుతున్నాడు. యార్డు, రోడ్డు, రేవు, తూనికల తనిఖీ, కోర్టు, ఇవన్నీ ప్రభుత్వం సరిగ్గా నడిపితేనే వ్యాపారి తన పని తాను చేయగలడు. కొన్న సరుకు మీద వ్యాపారి కట్టే 1 శాతం మార్కెట్ సెస్సు యార్డుకే పోతుంది. యార్డులో నీడ, నీళ్లు, మరుగుదొడ్లు సరిగా లేకపోతే అడగాల్సింది దాని గురించే.

మొదట్లో రైతు అడిగినదానికి నా జవాబు ఇది. షావుకారు మొక్క నాటడు. అయితే పంటకు ముందు డబ్బు పెడతాడు, కాయను దూరం చేరుస్తాడు, కాలం దాటిస్తాడు, ధర పడితే నష్టం మోస్తాడు. ఈ నాలుగూ చేసినంత మేరకు లాభం ఆయన కూలి, దాన్ని ఎవరూ కాదనకూడదు. ఈ నాలుగింటిలో ఏదీ చేయకుండా, ఎదుటివాడి అవసరాన్ని, అమాయకత్వాన్ని పిండి తీసుకున్నదాన్ని మాత్రం లాభం అనకండి.

రైతులకు నాదొక మనవి. పట్టీ తీసుకోకుండా యార్డు గేటు దాటకండి. అందులో కమీషన్, వడ్డీ వేరువేరుగా రాయించుకోండి. చిన్న మిల్లు నడిపేవాళ్లు ఉద్యమ్ నమోదు చేయించుకుని, ప్రతి సరఫరాకు రాతపూర్వక ఒప్పందం పెట్టుకోండి. కొనేవాళ్లు బిల్లు అడగండి. సొమ్ము చేతిలో ఉండి కూడా చిన్నవాడి బాకీ ఆపే పెద్ద వ్యాపారులకు చెప్పేది ఒక్కటే: ఆ డబ్బు మీది కాదు, ఇచ్చేయండి.